రైఫిలుకు స్లింగు: ఎంపిక, బిగింపు, తేమ నేలలో దాని సంరక్షణ

భుజాన ఉన్న రైఫిలు జారి నేల మీద పడిందంటే, స్లింగు, అంటే భుజాన తగిలించుకునే పట్టీ, నడిమికి తెగి పడటం చాలా అరుదు. పటాలంలోనూ ఆ తరువాత బ్యాంకు కాపలాలోనూ కలిపి ముప్ఫై ఏళ్లకు పైగా నేను తుపాకీ మోశాను. ఆ కాలమంతటిలో పట్టీ మధ్యలో తెగడం నా కళ్లతో చూడలేదు. ఊడిపోయేది ఎప్పుడూ కొసల దగ్గరే. బట్టు (భుజానికి ఆనే వెనుక భాగం) చెక్కలో పట్టు సడలిన స్క్రూ, తుప్పు పట్టి సరిగా మూసుకోని కొక్కెం, తప్పుగా దూర్చిన బకిల్, చెమటకు నానిన కుట్టు, ఈ నాలుగింటిలో ఏదో ఒకటి కారణమవుతుంది. అయినా దుకాణానికి వెళ్లినవారిలో చాలామంది పట్టీ రంగు, మెత్తదనం చూసి డబ్బిస్తారే తప్ప, దానిని తుపాకీకి కలిపే రెండు ఇనుప ముక్కల వైపు కన్నెత్తి చూడరు. అందుచేత ఇక్కడ పట్టీ కంటే ఆ రెండు కొసల గురించే ఎక్కువ చెప్పదలచుకున్నాను.

ఈ తెలివి నాకు ఊరికే రాలేదు. నా లైసెన్సు మీద పన్నెండు బోరు జంట గొట్టాల తుపాకీ ఒకటి ఉంది. ఒక శ్రావణమాసంలో దానిని భుజాన వేసుకుని, తోటలోంచి రోడ్డెక్కడానికి బోదె మీద వేసిన కొబ్బరి దుంగ దాటుతున్నాను. వానకు దుంగ పాకుడు పట్టి ఉంది. కాలు జారబోయి ఒళ్లు ఒక్కసారి విదిలించేసరికి వెనుక స్క్రూ బట్టులోంచి ఊడి వచ్చింది, భుజం మీది పట్టీ వదులైపోయింది, తుపాకీ తలకిందులై మూతి ముందుగా బోదెలోకి దిగింది. నీళ్లు మోకాలి లోతే గాని, అడుగున ఒండ్రు జానెడు ఉంది. బయటికి తీస్తే రెండు గొట్టాల మూతులూ బురదతో బిరడా వేసినట్లు మూసుకుపోయాయి. తూటాలు లేవు కాబట్టి సరిపోయింది. అలా మూసుకుపోయిన గొట్టంతో పేలిస్తే గొట్టమే చీలి, పట్టుకున్నవాడి చేతికీ ముఖానికీ ప్రమాదం తెస్తుంది. ఇంటికి వచ్చి స్క్రూ చేతిలోకి తీసుకుని చూస్తే, దాని మరల సందుల్లో తడి కాఫీ పొడిలాంటి నల్లటి చెక్క పొట్టు ఇరుక్కుని ఉంది. బట్టు పైకి మాత్రం పాలిష్‌తో మెరుస్తూనే ఉంది. లోపల రంధ్రం గోడలు పుచ్చు వంకాయలా మెత్తబడిపోయాయి.

పనిలోకి దిగే ముందు రెండు మాటలు చెప్పాలి. మొదటిది, ఆయుధం ఖాళీ చేయడం. మ్యాగజైను తీసి పక్కన పెట్టి, బోల్టు వెనక్కి లాగి, ఛాంబరులోకి (తూటా కూర్చునే చోటు) కళ్లతో చూసి, చీకటిగా ఉంటే చిటికెన వేలు పెట్టి తడిమి, ఖాళీ అని తేలిన తరువాత బోల్టు తెరిచే ఉంచి పనిచేయాలి. తూటాలు ఆ గదిలోనే ఉండకూడదు. స్లింగు బిగించేటప్పుడు రైఫిలును ఒళ్లో పెట్టుకుని అటూ ఇటూ తిప్పుతాము కాబట్టి, మూతి ఎవరి వైపు తిరుగుతున్నదో మనకు తెలియకుండానే తిరుగుతుంది.

రెండవది, ఆ ఆయుధం ఎవరిదన్నది. ఆయుధ చట్టం 1959, ఆయుధ నియమాలు 2016 ప్రకారం లైసెన్సు ఉన్నవారు తమ సొంత తుపాకీకి స్లింగు వేసుకోవడంలో ఇబ్బంది లేదు గాని, రంధ్రం చేయడం, స్టడ్డు (పట్టీ కడియం తగిలే చిన్న ఇనుప మొల) దించడం వంటి పని ఉంటే లైసెన్సు ఉన్న ఆయుధాల మరమ్మతుదారు దగ్గరే చేయించుకోవడం మేలు. పోలీసుదో, పటాలానిదో, ఎన్‌సీసీదో అయిన రైఫిలు మీద సొంత ప్రయోగాలు ఏవీ చేయకూడదు. కోత్ (ఆయుధాలు భద్రపరిచే గది) నుంచి ఏ స్లింగుతో వచ్చిందో ఆ స్లింగుతోనే తిరిగి కోత్‌కు వెళ్లాలి. ఎన్‌సీసీ పిల్లలు కూడా ఇది చదవవచ్చు. వారికి పనికివచ్చేది బకిల్ దూర్చడం, పొడవు సర్దుకోవడం, పడుకుని కాల్చేటప్పుడు చేతికి చుట్టుకోవడం వరకే.

ఇక ఎంపిక. స్లింగు చేసే పనులు రెండు: మోయడం, కాల్చేటప్పుడు రైఫిలును నిలపడం. ఒకే పట్టీ రెండూ చేస్తుందని అమ్మేవారు చెబుతారు, కొంత చేస్తుంది కూడా. కాని కొనేవారు తమ రోజులో ఏ పని ఎక్కువో ముందు తేల్చుకోవాలి. బ్యాంకు గుమ్మం దగ్గర ఎనిమిది గంటలు నిలబడే కాపలాదారుకు కావలసింది భుజాన్ని కోయని, జారని, సాదా పట్టీ. అతనికి రంధ్రాలు, కొక్కేలు ఉన్న పోటీ స్లింగు ఇస్తే అది కౌంటరు అంచుకీ కుర్చీ చేతికీ తగులుకుంటూ ఉంటుంది. రేంజిలో 50 మీటర్ల దూరం పడుకుని కాల్చే క్రీడాకారునికి కావలసింది సాగని, పై చేతికి గట్టిగా పట్టే పట్టీ. అతను దానితో రైఫిలును భుజాన మోయడు, పెట్టెలో తెచ్చుకుంటాడు.

ఇక్కడ కొత్తగా షూటింగు నేర్చుకుంటున్న పిల్లల తల్లిదండ్రులకు ఒక మాట. 10 మీటర్ల ఎయిర్ రైఫిలు పోటీ నిలబడి కాల్చేది, అందులో స్లింగు వాడనివ్వరు. కాబట్టి ఆ పోటీకి సామగ్రి జాబితాలో స్లింగు కనిపిస్తే డబ్బు మిగుల్చుకోండి. 50 మీటర్ల మూడు భంగిమల పోటీలో మోకాలి మీద, పడుకుని కాల్చేటప్పుడు స్లింగు ఉంటుంది, నిలబడి కాల్చేటప్పుడు ఉండదు. 2024 పారిస్ ఒలింపిక్స్‌లో స్వప్నిల్ కుశాలేకు కాంస్యం వచ్చింది ఆ పోటీలోనే. అంతర్జాతీయ నిబంధనల ప్రకారం ఆ స్లింగు వెడల్పు 40 మిల్లీమీటర్లకు మించరాదు.

మోయడానికి వాడే వాటిలో రైఫిలుకు ముందొకటి, వెనుకొకటి చొప్పున రెండు చోట్ల కలిసే స్లింగే మన అవసరాలకు సరిపోతుంది. ఒకే చోట కలిసేది గదుల్లోకి చొరబడే పోలీసు దళాల పొట్టి ఆయుధాలకు పుట్టింది. పొడవైన రైఫిలుకు అది వేస్తే నడుస్తున్నంతసేపూ మూతి మోకాళ్లను కొడుతుంది. మూడు చోట్ల కలిసేది కూడా ఉంది, కాని దాని పట్టీల చిక్కు విప్పుకునే ఓపిక నాకు లేదు, ఎవరికీ దానిని సిఫారసు చేయను.

పట్టీ దేనితో చేసినదన్నది మా గోదావరి డెల్టాలో పెద్ద ప్రశ్న. కొండ ప్రాంతంలోనో రాయలసీమలోనో పదేళ్లు బతికే తోలు పట్టీ, రాజోలు దిగువన సముద్రపు గాలి తగిలే ఊళ్లలో మూడు వానాకాలాలకే బూజు పట్టి బిరుసెక్కుతుంది. తోలు తడిసినప్పుడు సాగుతుంది, ఎండినప్పుడు గట్టిపడుతుంది. ఒకసారి సాగిన తోలు మళ్లీ వెనకటి పొడవుకు రాదు. అయినా భుజం మీద జారకుండా పట్టి ఉండటంలోనూ, చేతికి చుట్టినప్పుడు నిలకడలోనూ మంచి తోలుకు సాటి లేదని నా అభిప్రాయం. కొనేటప్పుడు పట్టీని మడిచి చూడాలి. మడత దగ్గర పై పొర కాగితంలా చిట్లితే అది రెక్సిన్, లేదా తోలు పొడిని అతికించి చేసినది. అంచున కోత చూస్తే అసలు తోలులో నారలు ఒకదానిలో ఒకటి పెనవేసుకుని కనిపిస్తాయి. మందం 3 నుంచి 4 మిల్లీమీటర్లు ఉంటే చాలు. గుర్రపు జీనులకు పేరుపడిన కాన్పూరు నుంచి వచ్చే పట్టీలు బాగుంటాయి. కుట్టు చేతితో రెండు సూదులతో వేసినదైతే, ఒక దారం తెగినా రెండవది పట్టి ఉంచుతుంది. మిషను కుట్టు ఒకచోట తెగితే వరసగా విడిపోతూ వస్తుంది.

నూలు పట్టీ పాత .303 రైఫిలుతో వచ్చేది. దాని రెండు కొసలకూ ఇత్తడి తొడుగులు ఉంటాయి. నూలు తడిస్తే బిగుసుకుంటుంది. పొడిగా ఉన్నప్పుడు సరిగ్గా సర్దుకున్న స్లింగు జల్లు పడగానే భుజం మీద కుదించుకుపోయినట్లు అనిపించేది దానివల్లనే. ఆరబెట్టడం మరచిపోతే లోపలి నుంచి కుళ్లుతుంది. దీనికి చౌకగా మంచం నవారు కొని కుట్టించుకునేవారిని నేను చూశాను. నవారు వదులుగా నేసినది, బరువుకు సాగి అంచులు పేలికలవుతాయి. మంచానికి అది చాలా మంచి వస్తువు, తుపాకీకి మాత్రం వద్దు. పాత కారు సీటు బెల్టు పట్టీ బలానికి లోటు లేనిదే గాని, దాని వెడల్పు దాదాపు 2 అంగుళాలు కాబట్టి తుపాకీకి ఉండే, పట్టీ దూరే ఏ కడియంలోనూ పట్టదు.

డెల్టాలో రోజూ మోసేవారికి నేను చెప్పేది గట్టిగా నేసిన నైలాను లేదా పాలిస్టరు పట్టీ. అది కుళ్లదు, గంటలో ఆరుతుంది, చెమట ఉప్పును మంచినీళ్లతో కడిగేయవచ్చు. తడి నైలాను కొద్దిగా సాగుతుంది, పాలిస్టరు అంత సాగదు. నైలానుకున్న లోపం జారుడు. పల్చటి చొక్కా మీద అది నిలవదు. భుజం దగ్గర వెడల్పాటి రబ్బరు మెత్త ఉన్నవి జారవు, కాని మే నెలలో ఆ మెత్త కింద చొక్కా నానిపోతుంది. లోపలి వైపు గరుకుగా నేసిన పట్టీ దొరికితే అదే తీసుకోండి.

వెడల్పు విషయంలో పొరపాటు ఎక్కువ. కడియాలు సాధారణంగా 1 అంగుళం, 1¼ అంగుళాల వెడల్పుల్లో వస్తాయి. కడియం లోపలి వెడల్పును స్కేలుతో కొలిచి, దానికి సరిపడే పట్టీ కొనాలి. 1¼ పట్టీని 1 అంగుళం కడియంలో కుక్కితే అది మధ్యలో ముడుచుకుని, ఆ మడత అంచు మీదే బరువంతా పడి అక్కడే అరుగుతుంది. సన్నటి పట్టీ వెడల్పు కడియంలో పక్కలకు జరుగుతూ ఒక మూలనే నలుగుతుంది. భుజం దగ్గర వెడల్పుగా ఉండి కొసలకు సన్నబడే పట్టీలు ఉన్నాయి. మీ కడియం చిన్నదై, భుజం నొప్పి పెడుతుంటే అవి మంచి దారి.

ఇప్పుడు కొసల సంగతి. మీ రైఫిలును తిరగేసి చూడండి. .303 అయితే నడిమి బ్యాండు కింద ఒక కడియం, బట్టు కింద ఒక కడియం ఉంటాయి. పశ్చిమ బెంగాల్‌లోని ఇషాపూర్ ఫ్యాక్టరీలో (మన శ్రీకాకుళం ఇచ్ఛాపురం కాదు) తయారైన రైఫిళ్లు మన దేశంలో చాలామంది చేతుల్లో కనిపిస్తాయి. వాటిలోనూ కడియాలు చాలావరకు ముందే ఉంటాయి. అవి ఉంటే సగం పని అయినట్లే. ఒక్కొక్క కడియాన్ని వేళ్లతో పట్టుకుని నాలుగు దిక్కులకూ ఊపి చూడాలి. కడియం తిరగాలి, దాని మొదలు మాత్రం కదలకూడదు. మొదలు కదిలితే స్క్రూ విప్పి చూడాలి. కదులుతున్న స్క్రూను విప్పకుండా అలాగే మరొక చుట్టు బిగించడం నేను చేసిన తప్పు. అది రెండు నెలలు పట్టి ఉన్నట్లు నటించి దుంగ మీద వదిలేసింది.

స్క్రూ విప్పినప్పుడు రంధ్రం లోపలి చెక్క పొడిగా, గట్టిగా ఉంటే, మరలకు కాస్త తేనెమైనం రాసి తిరిగి బిగిస్తే చాలు. మైనం నీటిని లోపలికి పోనివ్వదు. చెక్క మెత్తబడి ఉంటే అగ్గిపుల్లలు దూర్చి బిగించే అలవాటు మానుకోవాలి, అది ఒక వానకాలం కూడా నిలవదు. మెత్తబడిన భాగమంతా గట్టి చెక్క కనిపించేవరకు తొలిచి, పూర్తిగా ఆరనిచ్చి, టేకుతోనో తుమ్మతోనో చెక్కిన మేకును అరాల్డైట్ వంటి రెండు గొట్టాల బంకతో దించి, ఒక రోజు ఆగి, ఆ మేకు మధ్యలో కొత్త రంధ్రం చేయాలి. వడ్రంగులు వాడే మామూలు తెల్ల బంక నీటికి కరుగుతుంది కాబట్టి ఇక్కడ పనికిరాదు. నా తుపాకీకి ఈ పని చేసిన మరమ్మతుదారు, మేకు నారలు బట్టు నారల వెంటే పడేలా తిప్పి దించాడు. స్క్రూ మరలు నారల వెంట కాక అడ్డంగా కొరికితేనే పట్టు ఉంటుందని అప్పుడు తెలిసింది.

కడియాలు అసలే లేని రైఫిలుకు స్టడ్డులు దించాలి. వెనుక స్టడ్డు బట్టు కింది అంచున, కింది మొన నుంచి సుమారు 2½ అంగుళాలు ముందుకు, సరిగ్గా నడిమి గీత మీద ఉండాలి. దానికి చెక్క స్క్రూ వాడతారు. రంధ్రం స్క్రూ మరల మందం కాక, మరల లోపలి కాడ మందం ఉండాలి. లోతు ఎంత కావాలో డ్రిల్లు కొనకు టేపు చుట్టి గుర్తు పెట్టుకుంటే దాటిపోదు. ముందుగా అదే జాతి చెక్క ముక్క మీద ఒకసారి ప్రయత్నించి చూడటం వల్ల బట్టు చీలే ప్రమాదం తప్పుతుంది.

ముందు స్టడ్డు అలా కాదు. ముందు చెక్క పల్చగా ఉంటుంది కాబట్టి అక్కడ చెక్క స్క్రూ నిలవదు. చెక్కను దాటి లోపల గొట్టం కూర్చునే గాడిలో నట్టుతో బిగించే మర స్క్రూ వాడాలి. బిగించాక నట్టు గానీ స్క్రూ కొన గానీ గొట్టాన్ని తాకకూడదు. తాకితే స్లింగు లాగిన ప్రతిసారీ గొట్టం మీద ఒత్తిడి పడి గుండు వేరే చోట తగులుతుంది. గొట్టానికీ చెక్కకూ మధ్య ఒక కరెన్సీ నోటు దూర్చి స్టడ్డు ఉన్న చోటుదాకా లాగి చూస్తే విషయం తెలుస్తుంది. గొట్టం మడిచి లోడు చేసే ఎయిర్ రైఫిలుకు ముందు కడియాన్ని గొట్టానికి బిగించడం నాకు సమ్మతం కాదు. ఆ గొట్టం మీద ఎప్పుడూ పక్క లాగుడు ఉండకూడదు.

రంధ్రం చేయడం ఇష్టం లేని పాత తుపాకీకి, ముఖ్యంగా తాతల కాలం నాటి జంట గొట్టాలకు, తోలు ఉచ్చులు ఉన్న స్లింగు దొరుకుతుంది. ఒక ఉచ్చు గొట్టాలకు, ఒకటి బట్టు మెడకు తొడిగి బిగిస్తారు. ఊరేగింపుకో ఫొటోకో అది చక్కటి ఏర్పాటు. కాని గొట్టానికి తగిలిన తోలు తేమను పట్టి ఉంచి, సరిగ్గా ఉచ్చు వెడల్పున తుప్పు ఉంగరం వేస్తుంది. వాడిన రోజే తీసేయాలి.

స్టడ్డుకు తగిలించి తీసే కొక్కేల కడియాల్లో, స్టడ్డు రంధ్రంలోకి దూరే పిన్నును స్ప్రింగు నొక్కి ఉంచుతుంది, దాని మీద మర ఉన్న చిన్న తొడుగు తాళంలా పనిచేస్తుంది. పిన్ను దూరాక ఆ తొడుగును పూర్తిగా తిప్పడం మరచిపోతే, నడకలో పట్టీ మెలిపడి పిన్ను తనంతట తానే వెనక్కి పోగలదు. బొత్తాం నొక్కి దూర్చే కొత్త రకాల్లో లోపలి చిన్న గుండ్లలో ఉప్పు పేరుకుంటుంది. అంతర్వేది, ఓడలరేవు వైపు ఉండేవారు నెలకొకసారైనా వాటిని కడిగి నూనె చుక్క వేయాలి. చౌక కడియాలు పోత లోహంవి, వంగకుండా ఒక్కసారిగా విరుగుతాయి. అయస్కాంతం అంటుకుంటే అది ఉక్కు అని ఒక ఆనవాలు. స్టెయిన్‌లెస్‌కు అది అంటకపోవచ్చు కాబట్టి ఈ పరీక్షను పూర్తిగా నమ్మలేము, కాని నల్లరంగు పూసిన పోత ముక్కలను పట్టివ్వడానికి ఉపయోగపడుతుంది.

పట్టీని దూర్చడం చేతితో చేసి చూపితే అర నిమిషం పని, రాతలో కొంచెం ఓపిక కావాలి. మూడు కడ్డీల బకిల్ తీసుకోండి. పట్టీ కొసను కింది నుంచి మొదటి సందులోకి తెచ్చి, నడిమి కడ్డీ మీదుగా రెండవ సందులోంచి కిందికి దించండి. బకిల్‌ను పట్టీ వెంట ఓ జానెడు వెనక్కి జరపండి. ఇప్పుడు కొసను కడియంలోకి దూర్చి, రైఫిలు వైపు నుంచి మీ వైపుకు తిప్పి, మళ్లీ బకిల్ దగ్గరకు తీసుకురండి. ఇక్కడే తప్పు జరుగుతుంది. ఈ కొసను మొదటి పొర పైనుంచి కాక, మొదటి పొరకూ నడిమి కడ్డీకీ మధ్యలోంచి దూర్చాలి. అప్పుడు బరువు పడినకొద్దీ పై పొర కింది కొసను కడ్డీకి అదిమి పడుతుంది. పైనుంచి దూరిస్తే చూడటానికి ఒకేలా ఉంటుంది, లాగి చూసినప్పుడు కూడా కాసేపు ఆగుతుంది, కాని నడుస్తుంటే గంటకో అంగుళం చొప్పున జారుతుంది. చివరికి కనీసం 3 అంగుళాల తోక మిగలాలి. నైలాను తోకను కత్తిరిస్తే కొసను కొవ్వొత్తి మంటకు చూపి కరిగించి, చల్లారాక వేలితో తడిమితే గరుకు లేకుండా ఉండాలి.

.303 నూలు పట్టీకి బకిల్ లేదు. కొసను కడియంలోంచి తెచ్చి వెనక్కి మడిచి, ఇత్తడి తొడుగు వంపు అంచులను పట్టీ అంచులకు తొడిగితే అదే పట్టుకుంటుంది. ఆ వంపులు అరిగి విప్పారి ఉంటే పట్టకారుతో మెల్లగా లోపలికి వంచాలి. ఎక్కువ వంచితే పట్టీ అంచును కోస్తుంది.

కొత్త స్లింగును తుపాకీకి వేయకముందే పరీక్షించడం మంచిది. రెండు కొసలనూ ఒక బలమైన తాడుతో 10 కిలోల బియ్యం సంచికి కట్టి, పట్టీని దూలానికి వేసి, ఒక రాత్రి వదిలేయాలి. .303 బరువు సుమారు 4 కిలోలు కాబట్టి ఇది దానికి రెండింతలు దాటుతుంది. తెల్లవారి కుట్లు, బకిళ్ల దగ్గర పట్టీ జరిగిందేమో సుద్దముక్క గీతతో పోల్చి చూడాలి. తరువాత ఖాళీ రైఫిలుకు బిగించి, పరుపు మీద నిలబడి భుజాన వేసుకుని నాలుగు అడుగులు గట్టిగా వేసి చూస్తే మిగిలిన అనుమానం తీరుతుంది.

పొడవుకు లెక్క కంటే ఒళ్లే కొలమానం. భుజాన వేసుకుని నిటారుగా నిలబడినప్పుడు, అదే వైపు చేయి ఛాతీ ఎత్తున పట్టీని హాయిగా పట్టుకోగలగాలి, బట్టు తుంటిని గుద్దకూడదు. మూతి తలకు మరీ మించి పైకి లేస్తే మన కొబ్బరి తోటల్లో ప్రతి మట్టకూ తగులుతుంది, పెంకుటింటి చూరు కింద వంగినప్పుడు వాసాన్ని కొడుతుంది. కవాతులో స్లింగు తీగలా బిగించి ఉంచుతారు, అది అక్కడి అందం. ఎన్‌సీసీ పిల్లలు ఆ బిగింపుతోనే .22 రైఫిలు పట్టుకుని రేంజికి వచ్చి, చేయి దూరక అవస్థ పడటం చాలాసార్లు చూశాను. రేంజికి వెళ్లేముందు ఉస్తాదును (శిక్షకుణ్ణి) అడిగి వదులు చేయించుకోవాలి.

వానలో మూతి పైకి ఉంటే గొట్టంలోకి నీళ్లు దిగుతాయి కాబట్టి, ఎడమ భుజాన మూతి కిందికి పెట్టి మోయడం పటాలంలో ఉన్న పద్ధతే. కాని గట్ల మీద నడిచేవారు మూతి మోకాలి కంటే కిందికి వేలాడకుండా పట్టీ కురచ చేసుకోవాలి. లేకపోతే కూర్చున్న ప్రతిసారీ మూతి బురదను ముద్దాడుతుంది. దుంగ వంతెన ఎక్కేటప్పుడు, సఖినేటిపల్లి రేవులో పంటు ఎక్కేటప్పుడు, భుజాన వదిలేయకుండా పట్టీని చేతికి ఒక చుట్టు చుట్టి పట్టుకోండి.

కాల్చేటప్పుడు స్లింగు వాడటం మరొక విద్య. పడుకుని కాల్చే కుడిచేతివారు పట్టీని ఎడమ పై చేతికి, చంకకు దగ్గరగా, బయటి వైపుకు ఉచ్చులా బిగించి, అరచేతిని ముందు కడియానికి ఆనించాలి. పట్టీ పొడవు ఎంత ఉండాలంటే, బట్టును భుజపు గుంటలో పెట్టడానికి కుడిచేత్తో కొద్దిగా నెట్టవలసి రావాలి. సరిగ్గా కుదిరితే ఎడమ చేతి కండలను పూర్తిగా వదులు చేసినా మూతి కిందికి వాలదు, బరువు ఎముక మీదా పట్టీ మీదా నిలుస్తుంది. ఉచ్చు చేతి లోపలి వైపు రక్తనాళం మీద పడితే గుండె కొట్టుకున్నప్పుడల్లా సైటు గడియారం ముల్లులా అదురుతుంది. ఉచ్చును పైకో బయటికో జరిపితే ఆగుతుంది. చెక్క గొట్టాన్ని ఒత్తే పాత రైఫిళ్లలో పట్టీ బిగువు మారితే గుండు తగిలే చోటు మారుతుంది. అందుకని జీరో చేసిన (గుండు గురి పెట్టిన చోటే తగిలేలా సైటు సర్దిన) బిగువుకే పట్టీ మీద పెన్నుతో గుర్తు పెట్టుకుని, ప్రతిసారీ అక్కడికే తేవాలి.

ఇంటికి వచ్చాక మొదట చేయవలసింది స్లింగు విప్పడం. పట్టీని గొట్టం చుట్టూ చుట్టి బీరువాలో పెట్టేవారున్నారు. డెల్టాలో అంతకంటే వేగంగా తుప్పు పట్టించే పద్ధతి లేదు. నైలానును కడిగి నీడన ఆరేయాలి. తోలును పొడిగుడ్డతో తుడిచి, గాలికి ఆరనిచ్చి, చెప్పులకు రాసినట్లు రెండు చుక్కల ఆముదం మాత్రమే రుద్దాలి. ఎక్కువైతే తోలు మెత్తబడి సాగుతుంది. కొబ్బరినూనె ఇంట్లో బిందెడు ఉన్నా దీనికి వద్దు, మన తేమకు అది మక్కు వాసన కొట్టి బూజుకు మేతవుతుంది. ఇత్తడి మీద ఆకుపచ్చ చిలుము కనిపిస్తే పాలిష్ చేసి, మిగిలిన పొడిని కుట్ల సందుల్లో ఉండనీయకుండా పాత పళ్ల బ్రష్షుతో తీసేయాలి. స్క్రూ చుట్టూ, కడియం కింద, కంటికి కనబడని చోటికి రైఫిలు నూనెలో ముంచిన చిందీ గుడ్డ పోనివ్వాలి.

ఎన్నికల కోడ్ వచ్చినప్పుడు తుపాకీ జమ చేయవలసి రావచ్చు. అప్పుడు స్లింగు విప్పి ఇంట్లోనే పెట్టుకోండి, లేదా రసీదులో స్లింగు సహా అని రాయించుకోండి. ఒకసారి నాకు తిరిగి ఇచ్చిన తుపాకీకి ఎవరిదో పాత నవారు పట్టీ వేలాడుతూ వచ్చింది. నా తోలు పట్టీ ఎవరి భుజాన ఉందో నేటికీ తెలియదు.